గొప్ప కోచ్‌ను ఏ కొలతతో కొలవాలి? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో తెగని లెక్క

మైక్ లీచ్ అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ప్రధాన కోచ్‌గా 265 ఆటలు ఆడించారు. 158 గెలిచారు, 107 ఓడిపోయారు. భాగిస్తే 59.6 శాతం వస్తుంది. కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఒక కోచ్ పేరు పరిశీలనకు రావాలంటే కనీసం పదేళ్ల అనుభవం, 100 ఆటలు, 60 శాతం గెలుపు ఉండాలన్నది చాలాకాలంగా నడిచిన నిబంధన. ఓడిన ఆటల్లో ఒక్కటి గెలిచి ఉంటే 265లో 159 అయ్యేవి, అంటే సరిగ్గా 60 శాతం. 2022 డిసెంబరులో లీచ్ మరణించాక ఆ ఒక్క ఆట తేడా మీద వాదన ముదిరింది. చివరికి 2025 మే నెలలో, హాల్ ఎంపికలు చూసే నేషనల్ ఫుట్‌బాల్ ఫౌండేషన్ కనీస శాతాన్ని 59.5కు తగ్గించింది. ఈ మార్పు 2027 ఎంపికల నుంచి వర్తిస్తుంది.

లీచ్‌కు చోటు ఇవ్వాలన్నవారెవరూ ఆయన గెలుపు శాతం గొప్పదని వాదించలేదు. మైదానం అంతా పరుచుకుని, ఆటాటకూ బంతిని విసిరే ఎయిర్ రెయిడ్ పద్ధతిని ఆయన దేశమంతా వ్యాపింపజేశారని, ఆట రూపాన్నే మార్చారని వారి వాదన. అంటే వారు విలువ ఇచ్చింది ఒకదానికి, నిబంధన కొలిచింది మరొకదాన్ని. గొప్ప కోచ్‌ల జాబితా ఎప్పుడు తయారైనా తలెత్తే గొడవ కూడా సరిగ్గా ఇదే. అలబామా విశ్వవిద్యాలయం కోచ్ నిక్ సేబన్ 2024 జనవరిలో రిటైరైన నాటి నుంచి అందరికంటే గొప్ప కోచ్ ఎవరన్న చర్చ మళ్లీ జోరందుకుంది కాబట్టి, ఆ చర్చలో వినిపించే ఒక్కో అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, దేన్ని చెబుతుందో, దేన్ని దాస్తుందో విడమరిచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆట ఏది, కోచ్ పని ఏది

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకన ఇరికించుకుని పరిగెత్తుతూ, ఒక్కో పక్షాన పదకొండు మంది ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. దానికి వృత్తి లీగ్ వేరే ఉంది. విశ్వవిద్యాలయాల జట్లు తమలో తాము ఆడేదాన్ని కాలేజీ ఫుట్‌బాల్ అంటారు. విద్యార్థుల ఆటే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో లక్షా ఏడు వేలకు పైగా సీట్లున్నాయి. అమెరికాలో చదువుకున్న తెలుగువాళ్లలో చాలామందికి, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా శనివారాల్లో ఊరు ఊరంతా ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని స్టేడియం వైపు కదిలే సందడి అనుభవమే.

కోచ్ స్థానాన్ని అర్థం చేసుకోవాలంటే క్రికెట్‌ను పక్కన పెట్టాలి. క్రికెట్‌లో మైదానం లోపలి నిర్ణయాలు కెప్టెన్‌వి. ఇక్కడ ప్రతి ఎత్తునూ గీత బయట నిలబడిన కోచ్, ఆయన సహాయకులు ఎంచి లోపలికి పంపుతారు. అంతకన్నా పెద్ద తేడా జట్టు కూర్పులో ఉంది. వృత్తి లీగ్‌లో బలహీనమైన జట్టుకు కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే హక్కు ఉంటుంది కాబట్టి, బలం కొంతైనా సర్దుకుంటుంది. కాలేజీ ఆటలో అలాంటి సర్దుబాటు లేదు. కోచ్ స్వయంగా హైస్కూలు పిల్లల ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రులతో మాట్లాడి, వారిని తన విశ్వవిద్యాలయానికి ఒప్పించి తెచ్చుకోవాలి. దీన్నే రిక్రూటింగ్ అంటారు. వచ్చిన పిల్లలు నాలుగైదేళ్లలో చదువు ముగించి వెళ్లిపోతారు. జట్టులో ఏళ్ల తరబడి నిలిచి ఉండేది కోచ్ ఒక్కరే కావడంతో, గెలుపోటములన్నీ ఆయన పేరు మీదే జమ పడతాయి.

ఇంకొక్క విషయం. ఈ ఆటలో స్థాయులున్నాయి. అన్నిటికంటే పై స్థాయిలోనే 130కి పైగా జట్లున్నాయి, ఒక్కొక్కటీ మామూలు సీజన్‌లో ఆడేది పన్నెండు ఆటలే. కాబట్టి చాలా జట్లు ఒకదానికొకటి ఎదురే పడవు. ఎదురుపడని జట్లలో ఏది పెద్దదో ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. తగాదాలకు మూలం అక్కడే ఉంది.

గెలుపు శాతం చెప్పేది, దాచేది

1996లో అదనపు సమయం ప్రవేశపెట్టేదాకా పై స్థాయి ఆటలు సమంగా ముగిసేవి. శాతం లెక్కలో సమమైన ఆటను సగం గెలుపుగా తీసుకుంటారు. 1918 నుంచి 1930 దాకా నాట్రడామ్ విశ్వవిద్యాలయానికి కోచ్‌గా ఉన్న నూట్ రాక్నీ 105 గెలిచి, 12 ఓడి, 5 సమం చేశారు. 105కు రెండున్నర కలిపి 122తో భాగిస్తే 88.1 శాతం. అలబామాలో దేవుడితో సమానంగా చూసే బేర్ బ్రయంట్ 323 గెలిచి, 85 ఓడి, 17 సమం చేశారు. ఆయన శాతం 78. సేబన్‌ది 292 గెలుపులు, 71 ఓటములు, ఒక సమం. 80 శాతం పైచిలుకు.

ఈ ఒక్క అంకెనే నమ్మితే రాక్నీ ముందు మిగతా ఇద్దరూ నిలవరు. అయితే రాక్నీ 1931 మార్చిలో, 43 ఏళ్ల వయసులో విమాన ప్రమాదంలో మరణించారు. అప్పటికి ఆయన వరుసగా రెండేళ్లు జాతీయ విజేత. వయసు మీద పడి పట్టు సడలే సంవత్సరాలు ఆయన లెక్కలో లేనే లేవు. బ్రయంట్ 69 ఏళ్ల దాకా కోచ్‌గా ఉన్నారు. ఫ్లోరిడా స్టేట్ కోచ్ బాబీ బౌడెన్ 1987 నుంచి 2000 దాకా వరుసగా పద్నాలుగు సీజన్లు దేశంలోని మొదటి ఐదు జట్లలో నిలిచారు. ఆ వరుస ముగిసిన నాడే విరమించుకుని ఉంటే ఆయన శాతం ఇంకా మెరుగ్గా కనబడేది. శాతం అనే కొలత ముందుగా ఆగినవారికి మేలు చేస్తుంది, చివరిదాకా నిలబడినవారికి కోత పెడుతుంది.

మొత్తం గెలుపుల సంఖ్య దీనికి సరిగ్గా తలకిందులు. అందులో అందరికంటే ముందున్నది మినసోటాలోని సెయింట్ జాన్స్ కోచ్ జాన్ గాలియార్డి, 489 గెలుపులతో. ఆయన 1949 నుంచి 2012 దాకా కోచ్‌గా ఉన్నారు. ఇక శాతంలో రాక్నీని దాటినవారు లేరా అంటే, ఒహాయోలోని మౌంట్ యూనియన్ కోచ్ లారీ కెరెస్ ఉన్నారు. 332 గెలుపులు, 24 ఓటములు, 3 సమాలు. దాదాపు 93 శాతం, పదకొండు జాతీయ టైటిళ్లు. ఈ ఇద్దరూ పని చేసింది మూడో డివిజన్‌లో. అక్కడ ఆట కోసం స్కాలర్‌షిప్‌లు ఇవ్వరు. చిన్న కాలేజీల పోటీ కాబట్టి వీరిని పక్కన పెట్టాలని కొందరంటారు. ప్రత్యర్థి కూడా అదే నియమం కింద ఆడుతున్నప్పుడు అంత తేడాతో గెలవడం కోచ్ పనితనానికి మరింత శుద్ధమైన రుజువని మరికొందరంటారు. రెండో వాదన వినిపించినంత బలహీనమైనది కాదు, ఎందుకంటే డబ్బు, పేరు, స్టేడియం అనే ఊతాలు అక్కడ చాలా తక్కువ.

జాతీయ టైటిల్: ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు

చర్చల్లో అందరూ ముందుగా వేసే అంకె టైటిళ్ల సంఖ్య. సేబన్‌కు ఏడు: 2003లో లూయిజియానా స్టేట్‌తో ఒకటి, 2009, 2011, 2012, 2015, 2017, 2020లలో అలబామాతో ఆరు. బ్రయంట్‌కు ఆరు: 1961, 1964, 1965, 1973, 1978, 1979. ఏడు ఆరుకన్నా పెద్దది కాబట్టి వాదన ముగిసినట్టే అనిపిస్తుంది. కానీ ఈ పదమూడు టైటిళ్లూ ఒకే రకం వస్తువులు కావు.

కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ పై స్థాయి ఫుట్‌బాల్‌లో ఏ రోజూ అధికారిక టైటిల్ ఇవ్వలేదు. 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ పాత్రికేయుల ఓట్లు సేకరించి ర్యాంకులు ప్రకటించింది. 1950లో యునైటెడ్ ప్రెస్ కోచ్‌ల ఓట్లతో మరో జాబితా మొదలుపెట్టింది. సీజన్ చివర, కొత్త సంవత్సరం ముందూ వెనకా, బౌల్ గేమ్స్ అని పిలిచే ఉత్సవ పోటీలు జరుగుతాయి. చాలా ఏళ్లు చివరి ఓటింగు ఈ బౌల్ గేమ్‌లకు ముందే ముగిసేది. అంటే విజేతను ప్రకటించాక ఒక పెద్ద ఆట మిగిలి ఉండేది.

దాని ఫలితం 1950లోనే బయటపడింది. బడ్ విల్కిన్సన్ కోచ్‌గా ఉన్న ఓక్లహోమా జట్టుకు టైటిల్ ఇచ్చేశారు. ఆ తర్వాత షుగర్ బౌల్‌లో ఆ జట్టు 13-7తో కెంటకీ చేతిలో ఓడిపోయింది. కెంటకీ కోచ్ అప్పటికింకా అలబామాకు రాని బేర్ బ్రయంటే. రికార్డుల్లో ఆ ఏటి టైటిల్ ఓడిన విల్కిన్సన్ పేరు మీద ఉంది, గెలిచిన బ్రయంట్ ఆరింటిలో అది లేదు.

బ్రయంట్ జీవితంలోని మూడు వరుస సంవత్సరాలు ఈ పద్ధతిలోని చిక్కునంతా విప్పి చూపిస్తాయి. 1964లో అలబామా పదికి పది గెలిచింది, రెండు ఓటింగుల్లోనూ మొదటి స్థానం పొందింది. ఆపైన ఆరెంజ్ బౌల్‌లో టెక్సస్ చేతిలో 21-17తో ఓడిపోయింది. అదే ఏడాది ఆర్కాన్సా పదకొండుకు పదకొండు గెలిచింది, అందులో టెక్సస్ మీద గెలుపూ ఉంది. 1965లో అసోసియేటెడ్ ప్రెస్ బౌల్ గేమ్‌లయ్యేదాకా ఆగాలని నిర్ణయించింది. అప్పటికి ఒక ఓటమి, ఒక సమంతో అలబామా నాలుగో స్థానంలో ఉంది. కొత్త సంవత్సరం రోజున పై మూడు జట్లూ ఓడిపోయాయి, వాటిలో నెబ్రాస్కాను ఓడించింది అలబామాయే. టైటిల్ మళ్లీ బ్రయంట్‌కే వచ్చింది. మరుసటి ఏడాది అసోసియేటెడ్ ప్రెస్ పాత పద్ధతికే వెళ్లింది. 1966లో అలబామా బౌల్‌తో కలిపి పదకొండు ఆటలూ గెలిచింది. టైటిల్ మాత్రం మిషిగన్ స్టేట్‌తో 10-10తో సమం చేసుకున్న నాట్రడామ్‌కు, రెండో స్థానం ఆ మిషిగన్ స్టేట్‌కు, మూడో స్థానం అలబామాకు దక్కాయి. నల్లజాతి ఆటగాడు ఒక్కరూ లేని జట్టన్న కారణం కూడా ఓట్ల మీద పని చేసిందనే వాదన ఉంది. ఏదేమైనా, బౌల్‌లో ఓడిన ఏడాది ఆయన విజేత, ఒక్క ఆటా ఓడని ఏడాది ఆయన మూడోవాడు.

1973లో కోచ్‌ల ఓటింగు బ్రయంట్‌కు టైటిల్ ఇచ్చాక షుగర్ బౌల్‌లో నాట్రడామ్ ఆయన జట్టును 24-23తో ఓడించింది. మరుసటి ఏడాది నుంచి కోచ్‌లు కూడా బౌల్ గేమ్‌ల తర్వాతే ఓటు వేయడం మొదలుపెట్టారు. 1978లో పాత్రికేయులు అలబామాను, కోచ్‌లు సదరన్ కాలిఫోర్నియాను ఎన్నుకున్నారు. ఆ సీజన్‌లోనే అలబామాను 24-14తో ఓడించింది సదరన్ కాలిఫోర్నియా.

ఇవన్నీ తీసేసి బ్రయంట్‌కు మూడే టైటిళ్లని తేల్చడం న్యాయమా? అప్పుడు అదే కత్తెర సేబన్‌కూ వాడాలి. 1998 నుంచి 2013 దాకా కంప్యూటర్ లెక్కలు, ఓట్లు కలిపి రెండు జట్లను తుది పోరుకు పంపేవారు. 2003లో ఆ పోరులో సేబన్ జట్టు గెలిచినా, పాత్రికేయులు సదరన్ కాలిఫోర్నియాకే ఓటేశారు. 2011లో అలబామా సొంత మైదానంలో లూయిజియానా స్టేట్ చేతిలో 9-6తో ఓడి, తన కాన్ఫరెన్స్ (కొన్ని జట్లు కలిసి తమలో తాము ఆడుకునే కూటమి) టైటిల్ పోరుకు కూడా చేరలేదు. తుది పోరుకు మాత్రం పిలుపు అందింది, అదే ప్రత్యర్థిని 21-0తో ఓడించి విజేత అయింది. ఈ అవకాశం 1966 నాటి బ్రయంట్‌కు లేదు.

రాని టైటిల్ కూడా కొన్నిసార్లు కోచ్ గురించి ఎక్కువ చెబుతుంది. 1984 జనవరి 2 రాత్రి ఆరెంజ్ బౌల్‌లో టామ్ ఆజ్‌బోర్న్ కోచ్‌గా ఉన్న నెబ్రాస్కా, అప్పటిదాకా ఓటమి లేని జట్టు, ఆట చివరి పావు భాగంలో 31-17తో మయామి వెనక పడి ఉంది. పుంజుకుని, 48 సెకన్లు మిగిలి ఉండగా టచ్‌డౌన్ చేసి, అంటే బంతిని ప్రత్యర్థి గీత దాటించి, 31-30కి వచ్చింది. టచ్‌డౌన్ తర్వాత రెండు దారులుంటాయి: బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని ఒక పాయింటు తీసుకోవచ్చు, అది దాదాపు ఖాయం, లేదా దగ్గర నుంచి మరోసారి బంతిని గీత దాటించి రెండు పాయింట్లకు ప్రయత్నించవచ్చు, అది సందేహం. ఒక్క పాయింటు తీసుకుంటే ఆట సమమవుతుంది, ఓటమి లేని జట్టుగా నెబ్రాస్కాకు ఓట్లలో టైటిల్ ఇంచుమించు దక్కినట్టే. ఆజ్‌బోర్న్ రెండు పాయింట్లకు వెళ్లారు. విసిరిన బంతి మయామి ఆటగాడి వేళ్లకు తగిలి పక్కకు పోయింది. టైటిల్ మయామికి వెళ్లింది. ఆయన తర్వాత 1994, 1995, 1997లలో మూడు టైటిళ్లు సాధించారు. ఆ రాత్రి తన్ని ఉంటే నాలుగయ్యేవి. ఆ నిర్ణయాన్ని ఆయన ఖాతాలో లోటుగా రాయాలో, గౌరవంగా రాయాలో ఏ పట్టికలోనూ గడి లేదు.

ఒక్కో టైటిల్‌కు ఎన్నేళ్లు

కాలాలు వేరు కాబట్టి కొందరు టైటిళ్లను సీజన్ల సంఖ్యతో భాగిస్తారు. సేబన్ కాలేజీల్లో 28 సీజన్లు చేశారు, ఏడు టైటిళ్లు, నాలుగేళ్లకొకటి. బ్రయంట్ 38 సీజన్లలో ఆరు, ఆరేళ్ల పైచిలుకుకొకటి. ఈ కొలత ప్రకారం వీరిద్దరికంటే ముందు నిలిచేది నాట్రడామ్ కోచ్ ఫ్రాంక్ లేహీ. 13 సీజన్లలో 1943, 1946, 1947, 1949 టైటిళ్లు, అంటే మూడుంపావు ఏళ్లకొకటి. గెలుపు శాతంలో కూడా ఆయన 86తో రాక్నీ వెనకే ఉన్నారు. అయినా లేహీ పేరు నేటి చర్చల్లో ఎప్పుడో గానీ వినబడదు. జ్ఞాపకంలో ఉన్న కోచ్‌లకే జాబితాల్లో చోటు దొరుకుతుందనడానికి ఆయనకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. మరో వైపు, లేహీ 1946 జట్టు యుద్ధం నుంచి తిరిగొచ్చిన అనుభవజ్ఞులతో నిండిందన్న సంగతి కూడా లెక్కలోకి రావాలి.

స్కాలర్‌షిప్‌ల పరిమితి ఆటను ఎలా మార్చింది

కాలాల మధ్య పోలికలో చాలామంది మరిచిపోయేది ఇది. 1973కు ముందు ఒక విశ్వవిద్యాలయం ఎంతమంది ఆటగాళ్లకు స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చన్నదానికి దేశవ్యాప్త పరిమితి లేదు. పేరున్న జట్టు తనకు అవసరమైనవారితో పాటు, ప్రత్యర్థికి దక్కకూడదనుకున్నవారిని కూడా తెచ్చి బెంచి మీద కూర్చోబెట్టగలిగేది. 1973లో మొత్తం 105 అన్నారు, 1978లో 95కు తగ్గించారు, 1990ల మొదట్లో మెల్లగా 85కు తెచ్చారు. అందువల్ల మంచి ఆటగాళ్లు చిన్న జట్లకూ పంచుకుపోయారు.

సేబన్ ఏడు టైటిళ్లూ 85 పరిమితి కిందే వచ్చాయి. ఆయన పక్షాన ఇది బలమైన వాదన. ప్రతివాదన కూడా తేలికైనది కాదు. బ్రయంట్ చివరి రెండు టైటిళ్లు 95 పరిమితి వచ్చాకే వచ్చాయి కదా అని ఆయన అభిమానులు గుర్తుచేస్తారు. టీవీ డబ్బు, పెద్ద రిక్రూటింగ్ సిబ్బంది, రాష్ట్రాలు దాటి ఆటగాళ్లను చేరుకునే విమాన ప్రయాణాలు సేబన్‌కు ఉన్న పరిమితి లేని వనరులని కూడా అంటారు. సంఖ్యకు హద్దు పడితే నాణ్యత మీద డబ్బు కుమ్మరించారన్నది వారి మాట, అందులో నిజం ఉంది.

ఇద్దరూ కూలిన ఇంటిని ఎత్తినవారే. బ్రయంట్ రాకముందు మూడేళ్లలో అలబామా గెలిచినవి నాలుగే, ఓడినవి 24. నాలుగో సీజన్‌లో ఆయన దాన్ని జాతీయ విజేతను చేశారు. సేబన్ చేరేముందు ఏడాది ఆ జట్టు ఆరు గెలిచి ఏడు ఓడింది. మూడో సీజన్‌లో పద్నాలుగుకు పద్నాలుగు గెలిచింది.

ఎడ్డీ రాబిన్సన్: పోటీకే దూరం పెట్టిన కోచ్

లూయిజియానాలోని గ్రాంబ్లింగ్ నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన కళాశాల. 1941లో 22 ఏళ్ల ఎడ్డీ రాబిన్సన్ అక్కడ కోచ్‌గా చేరి, 1997 దాకా అక్కడే ఉండి, 408 గెలిచారు. రెండో సీజన్‌లోనే ఆయన జట్టు తొమ్మిదికి తొమ్మిది గెలిచింది, ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. 1985లో బ్రయంట్ 323ను దాటినప్పుడు పెద్ద వార్త అయింది. కానీ గొప్ప కోచ్‌ల చర్చ రాగానే చాలామంది ఆయన ప్రత్యర్థులు పెద్ద జట్లు కావనే ఒక్క వాక్యంతో పక్కకు జరుపుతారు.

పెద్ద జట్లు ఆయన ప్రత్యర్థులు కాకపోవడానికి కారణం ఆయన కాదు. దక్షిణాది రాష్ట్రాల తెల్లవారి విశ్వవిద్యాలయాలు నల్లజాతి ఆటగాళ్లను తీసుకునేవి కావు, నల్లజాతి కాలేజీలతో ఆడేవి కావు, నల్లజాతి కోచ్‌ను పిలిచి ఉద్యోగం ఇచ్చే మాటే లేదు. దూర ప్రయాణాల్లో దారిలోని హోటళ్లు తిండి పెట్టవు కాబట్టి ఆయన ఆటగాళ్లకు సాండ్‌విచ్‌లు కట్టి తీసుకువెళ్లేవారు; తొలినాళ్లలో మైదానం మీద సున్నపు గీతలు కూడా ఆయనే గీసేవారు. ఆ పరిస్థితుల్లో ఆయన దగ్గర తయారైనవారిలో 200 మందికి పైగా వృత్తి ఫుట్‌బాల్‌కు వెళ్లారు. విల్లీ డేవిస్, బక్ బుకానన్, విల్లీ బ్రౌన్, చార్లీ జాయినర్ వృత్తి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. 1988 జనవరిలో వృత్తి లీగ్ తుది పోరైన సూపర్ బౌల్ గెలిచిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు) డగ్ విలియమ్స్ రాబిన్సన్ శిష్యుడే.

ఆటగాళ్ల ప్రతిభ ప్రమాణమైతే గ్రాంబ్లింగ్ చిన్న జట్టు ఎలా అవుతుంది? 1970ల మొదట్లో అలబామా లాంటి జట్లు నల్లజాతి ఆటగాళ్లను తీసుకోవడం మొదలుపెట్టాక, అప్పటిదాకా గ్రాంబ్లింగ్‌కు వచ్చిన పిల్లలు అటు మళ్లారు. బ్రయంట్ చివరి మూడు టైటిళ్ల వెనుక ఈ మార్పు ఉంది, రాబిన్సన్ చివరి రెండు దశాబ్దాల వెనుక కూడా ఇదే మార్పు ఉంది, తలకిందులుగా. రాబిన్సన్‌ను అందరికంటే పైన పెట్టాలని అంకెలతో నిరూపించలేం. అయితే ఆయన్ను కింద పెట్టడానికి వాడే అంకెలు వర్ణవివక్ష తయారు చేసినవి. వాటిని తటస్థమైన కొలతలుగా తీసుకోవడం నా దృష్టిలో పొరపాటు కాదు, అన్యాయం.

టైటిల్ లేని గొప్పతనం

కాన్సస్ స్టేట్‌లో 1989లో బిల్ స్నైడర్ చేరేనాటికి ఆ జట్టు వరుసగా 27 ఆటల్లో గెలుపు ముఖం చూడలేదు. చరిత్ర మొత్తం మీద ఓటములు 500 దాటాయి. స్నైడర్ మొదటి ఏడాది ఒకటి గెలిచి పది ఓడారు. 1998లో అదే జట్టు మామూలు సీజన్‌లో పదకొండుకు పదకొండు గెలిచి, కాన్ఫరెన్స్ టైటిల్ పోరులో రెండో అదనపు సమయంలో ఓడి, జాతీయ టైటిల్ తుది పోరుకు ఒక్క ఆట దూరంలో ఆగింది. ఆయన మొత్తం గెలుపు శాతం 65 లోపే, జాతీయ టైటిళ్లు సున్నా. మొదలెట్టిన చోటు నుంచి చేరిన చోటు దాకా దూరాన్ని కొలిస్తే ఆయన పేరు మొదటి వరుసలో ఉంటుంది. ఈ కొలతలోనూ లోపం ఉంది: బలమైన జట్టును అందుకుని ఇరవై ఐదేళ్లపాటు ప్రతి ఏడాదీ తొమ్మిదికి తగ్గకుండా గెలిచిన ఆజ్‌బోర్న్ లాంటివారికి ఇది అన్యాయం చేస్తుంది.

రద్దయిన గెలుపులు

గెలుపుల సంఖ్య కనీసం స్థిరమైనదని అనుకోవడానికి కూడా లేదు. పెన్ స్టేట్ కోచ్ జో పటర్నో 2011 అక్టోబరు 29న 409వ గెలుపుతో రాబిన్సన్‌ను దాటారు. వారం తిరిగేసరికి ఆయన మాజీ సహాయకుడు జెర్రీ శాండస్కీ పిల్లలపై లైంగిక అత్యాచారాల ఆరోపణలపై అరెస్టయ్యాడు. విషయం తెలిశాక చేయవలసినంత చేయలేదన్న ఆరోపణ మీద పటర్నోను తొలగించారు. 2012 జులైలో ఎన్‌సీఏఏ ఆయన 111 గెలుపులను రద్దు చేసి 298కి దించింది. 2015 జనవరిలో ఒక రాజీ కింద అవన్నీ తిరిగి చేర్చింది. జరిగిన ఆటలు అవే, అంకె రెండుసార్లు మారింది. సేబన్ 2007 నాటి ఐదు గెలుపులు ఆటగాళ్ల పాఠ్యపుస్తకాల వ్యవహారంలో, బౌడెన్ పన్నెండు గెలుపులు ఒక కోర్సులో జరిగిన కాపీ వ్యవహారంలో రద్దయ్యాయి.

నైతిక వైఫల్యాన్ని గెలుపుల్లోంచి తీసివేతగా చూపడం ఆ పిల్లలకు జరిగిన దారుణాన్ని స్కోరు పట్టికగా మార్చడమేనని కొందరంటారు. కోచ్ పని విద్యాసంస్థలో ఉన్న పని కాబట్టి అది మైదానంతో ఆగదని మరికొందరంటారు. నేను రెండో మాటతో ఏకీభవిస్తాను, కానీ దానికి శిక్షగా అంకెలు దిద్దడంతో కాదు. ఆటల్లో జరిగింది జరిగినట్టు ఉండనిచ్చి, పటర్నో పేరు పక్కన మిగతాది కూడా రాయాలి.

సేబన్ ముందెందుకు, ఇకపై ఎలా

పై స్థాయిలో అందరికీ తలుపులు తెరిచిన కాలం వరకు చూస్తే, నేను సేబన్‌నే మొదట పెడతాను. కారణం ఏడు అన్న అంకె మాత్రం కాదు. రక్షణ ఆటతో పేరు తెచ్చుకున్న ఆయన, వేగంగా బంతి విసిరే పద్ధతులు ఆటను కమ్ముకున్నప్పుడు 2014లో లేన్ కిఫిన్‌ను దాడి విభాగానికి తెచ్చి తన జట్టునే మార్చేశారు. 2018 జనవరి తుది పోరులో జార్జియా చేతిలో సగం ఆటకు 13-0తో వెనకబడినప్పుడు, రెండేళ్లుగా గెలిపిస్తున్న క్వార్టర్‌బ్యాక్ జేలన్ హర్ట్స్‌ను కూర్చోబెట్టి మొదటి ఏడాది కుర్రవాడు టువా టగోవైలోవాను పంపారు. అదనపు సమయంలో 26-23తో గెలిచారు. తన విజయ సూత్రాన్ని తనే విడిచిపెట్టి మళ్లీ గెలిచిన కోచ్‌లు తక్కువ. రాబిన్సన్‌ను ఈ వరుసలో రెండోవాడిగానో మూడోవాడిగానో రాయను. ఆయన్ను ఈ వరుసలోకి రానివ్వలేదు కాబట్టి.

ఇకపై ఈ పోలికలు మరింత చిక్కుపడతాయి. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చు. ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారడం తేలికైంది. 2025 నుంచి విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకు నేరుగా చెల్లిస్తున్నాయి, 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి స్థానంలో జట్టు మొత్తానికి 105 మంది అన్న హద్దు వచ్చింది. ఆటగాడి ఇంటికి వెళ్లి తల్లిని ఒప్పించే పనిలో కొంత, బేరం కుదిర్చే మేనేజర్ల చేతికి పోయింది.

టైటిల్ దారి కూడా మారింది. 2024 నుంచి తుది పోటీకి పన్నెండు జట్లు వెళ్తున్నాయి. ఆ మొదటి ఏడాదే ర్యాన్ డే కోచ్‌గా ఉన్న ఒహాయో స్టేట్, మామూలు సీజన్ చివరి ఆటలో సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13-10తో ఓడిపోయింది; ఆ సీజన్‌లో అది రెండో ఓటమి, మిషిగన్ మీద డేకు వరుసగా నాలుగో ఓటమి. ఓట్ల కాలంలో అయితే టైటిల్ ఆశ ఆ సాయంత్రమే ముగిసేది. కొత్త పద్ధతిలో ఎనిమిదో స్థానంతో లోపలికి వెళ్లి టెనిసీ, ఆరెగాన్, టెక్సస్, నాట్రడామ్‌లను వరుసగా ఓడించి విజేత అయింది. అంటే 1966లో ఒక్క ఆటా ఓడని బ్రయంట్‌కు దక్కనిది రెండు ఓటములతో డేకు దక్కింది. ఆయన మాత్రం దానికోసం అంత బలమైన నాలుగు జట్లను నెల రోజుల్లో వరుసగా ఓడించాల్సి వచ్చింది, ఆ పని బ్రయంట్‌ను ఎవరూ ఏనాడూ అడగలేదు.